రాత్రి రౌటర్ ఆపేముందు మీ లైన్ ఏదో చూసుకోండి

పడుకునేముందు రౌటర్ ఆపేయాలా, వద్దా? ఇంట్లోకి వచ్చేది రాగి టెలిఫోన్ తీగా, ఫైబరా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఫైబర్ అయితే ఆపినా లైనుకు ఏమీ కాదు. రాగి తీగ మీద డీఎస్ఎల్ (టెలిఫోన్ తీగ గుండా వచ్చే ఇంటర్నెట్) అయితే మాత్రం ఆపకుండా వదిలేయడమే నయం.

డీఎస్ఎల్ మోడెం ఆన్ చేసిన ప్రతిసారీ అవతలి ఎక్స్ఛేంజీ పరికరంతో కలిసి తీగ మీద ఎంత నాయిస్ (సిగ్నల్‌కు అడ్డొచ్చే అలజడి) ఉందో కొలుస్తుంది. దానికి తగ్గ వేగాన్ని అప్పుడే ఖాయం చేసుకుంటుంది. చాలా కంపెనీలు లైను ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టే ఆటోమేటిక్ వ్యవస్థను నడుపుతాయి. స్విచ్ నొక్కింది మీరా, లేక తీగలోనే లోపముందా అన్నది దానికి అన్నిసార్లూ తెలియదు. తరచూ తెగుతుంటే లైను బాగాలేదనుకుని నాయిస్ మార్జిన్‌ను, అంటే నాయిస్‌ను తట్టుకోవడానికి వదిలిపెట్టే వెసులుబాటును, ఉదాహరణకు 6 డెసిబెల్స్ నుంచి 9కి, పెంచుతుంది. మార్జిన్ పెరిగిన కొద్దీ వేగం తగ్గుతుంది, మళ్లీ పాత వేగం రావడానికి రోజులు పట్టొచ్చు. రాత్రికి ఒక్కసారి ఆపితే ఇంత జరగకపోవచ్చు. కానీ ఎక్కువ దూరం నుంచి వచ్చే పాత లైన్ల మీద ఆ సాహసం అనవసరం. మోడెం స్టేటస్ పేజీలో మార్జిన్ అంకె కనిపిస్తుంది, వారం పాటు గమనిస్తే మీ లైను సంగతి మీకే తెలిసిపోతుంది.

కరెంటు ఎంత మిగులుతుందో కూడా లెక్క కట్టండి. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది గరిష్ఠం, అంటే 12 వాట్లు. మామూలుగా వాడేది అంతకంటే తక్కువే. 8 వాట్లు అనుకుంటే రాత్రి 8 గంటలకు 64 వాట్-అవర్లు, ఏడాదికి దాదాపు 23 యూనిట్లు. ఫైబర్ తీగ వచ్చి తగిలే పెట్టె విడిగా ఉన్నా, వైఫైని ఇల్లంతా అందించే మెష్ పెట్టెలు రెండు మూడు ఉన్నా ఈ లెక్క పెరుగుతుంది. మిగిలేది చిన్న మొత్తమే అయినా మిగులు మిగులే.

రేడియేషన్ భయంతో ఆపేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది దూరం. దూరం రెట్టింపైతే అందే శక్తి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. మంచం తలాపున ఉన్న పెట్టెను హాల్లోకి మారిస్తే చాలు.

మినీ యూపీఎస్ ఉన్నవాళ్లు చాలామంది గమనించని విషయం ఒకటుంది. గోడ స్విచ్ ఆపితే రౌటర్ ఆగదు. యూపీఎస్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద నడిపిస్తుంది. రాత్రి రెండు మూడింటికి బ్యాటరీ మొత్తం ఖాళీ అయి, అప్పుడు గానీ లైట్లు ఆరవు. లోపలి లిథియం సెల్స్ సాధారణంగా కొన్ని వందల సార్లు పూర్తిగా దిగి ఎక్కేసరికి నీరసిస్తాయి. రోజూ ఇలా చేస్తే ఏడాది తిరిగేసరికి, నిజంగా కరెంటు పోయిన రోజున, యూపీఎస్ మునుపటంత సేపు నిలబడకపోవచ్చు. గోడ స్విచ్ జోలికి పోకుండా రౌటర్ వెనకున్న పవర్ బటన్ నొక్కండి.

ఇంకా మంచి దారి, వైఫైని మాత్రమే ఆపడం. చాలా రౌటర్లలో వైర్‌లెస్ సెట్టింగుల కింద షెడ్యూల్ ఉంటుంది. రాత్రి 11 నుంచి ఉదయం 5:30 అని పెడితే సిగ్నల్ ఆగుతుంది, లైను మాత్రం తెగదు. ముందుగా టైమ్‌జోన్ సరిచూడండి, అది తప్పుగా ఉంటే వైఫై పట్టపగలు ఆగిపోతుంది. ఈ పనికి స్మార్ట్ ప్లగ్ వాడాలనుకుంటే జాగ్రత్త. మీరు ఆపేది దానికి కూడా వైఫై ఇచ్చే పెట్టెనే. షెడ్యూల్‌ను తనలోనే దాచుకోని ప్లగ్ అయితే ఉదయం మళ్లీ ఆన్ చేయమనే కబురు దానికి అందదు.

ఆపితే ఏవేవి ఆగుతాయో ఒకసారి చూసుకోండి. సీసీ కెమెరా, అలారం, రౌటర్‌కు తగిలించిన ల్యాండ్‌లైన్, సిగ్నల్ సరిగా లేని ఇళ్లలో వైఫై కాలింగ్. పెద్దవాళ్లు రాత్రి ఫోన్ మీద ఆధారపడే ఇంట్లో అయితే ఆపకండి, కరెంటు లెక్క తర్వాత సంగతి. కంపెనీలు ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు కూడా ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే పంపుతాయి. రోజూ ఆపేస్తే అవి అందడం ఆలస్యమవుతుంది. లైట్లు మామూలుగా కాకుండా ఆగకుండా మిణుకుతుంటే ఆ సమయంలో స్విచ్ ముట్టుకోవద్దు. అప్‌డేట్ మధ్యలో కరెంటు తీస్తే పెట్టె మళ్లీ లేవకపోవచ్చు.

ఉదయం ఆన్ చేసేటప్పుడు ముందు ఫైబర్ పెట్టె. దాని మీది పాన్ (PON, ఫైబర్ లైను కలిసిందని చూపే) లైటు మిణుకు ఆపి నిలకడగా వెలిగాక రౌటర్, దానికి నెట్ వచ్చాక మెష్ పెట్టెలు. ఎల్ఓఎస్ (LOS) అన్న లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్ గుండా రావాల్సిన వెలుగు అందడం లేదని అర్థం, కేబుల్ ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. తొందరలో సన్న రంధ్రంలోని రీసెట్ బటన్ నొక్కకండి. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లాగిన్ వివరాలన్నీ చెరిగిపోతాయి.

ఇక ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి అయితే ఏ లైనైనా సరే, స్విచ్ ఆపడం సరిపోదు. అడాప్టర్‌ను సాకెట్ నుంచి పూర్తిగా పీకేయాలి, డీఎస్ఎల్ అయితే టెలిఫోన్ తీగ కూడా. ఫైబర్ గాజు పోగులో కరెంటు పారదు. కానీ అడాప్టర్ గుండా వచ్చిన షాక్ ల్యాన్ కేబుల్ పట్టుకుని టీవీ, కంప్యూటర్ దాకా పోగలదు. అందుకే ఉరుములు మొదలవకముందే పీకేయండి.