ఎడమ నాబ్ తిరుగుతోందా?

పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ నుంచి వచ్చిన ఉత్తరంలో రెండు కోరికలు ఉన్నాయి. మన 1984-87 బి.యస్సీ. తరగతి గురించి నాలుగు పేజీలు రాసి పంపమన్నది మొదటిది. 1986లో ఉండవల్లిలో ఆ రాత్రి తీసిన హేలీ తోకచుక్క ఫోటోల నెగటివులు నా దగ్గరే ఉండి ఉంటాయనీ, అవి ఎంత మసకగా ఉన్నా ఇప్పటి కంప్యూటర్ల మీద బాగు చేయించవచ్చుననీ, వాటిలో ఒకదాన్ని ముఖచిత్రంగా వేస్తామనీ అన్నది రెండోది. క్యాంటీను గురించి, హాస్టలు గోడ గురించి, మనం బందరు లడ్డు అని పిలిచే మిత్రుడి ఎన్నికల ఉపన్యాసం గురించి మీలో చాలామంది రాస్తారని నాకు తెలుసు. ఆ రెండో కోరికకు సమాధానం మాత్రం నేనొక్కణ్ణే చెప్పగలను కనుక, నా నాలుగు పేజీలూ దానికే కేటాయిస్తున్నాను.

ఆ మూడేళ్ళలో నాకు తరగతి గదుల కంటే ఆదివారాలే ఎక్కువగా గుర్తున్నాయి. లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్లు తెరవకముందే మనం సైకిళ్ళతో అక్కడికి చేరేవాళ్ళం. కాంతి పాఠాలు చెప్పే మన నీడల మాస్టారు మనందరికన్నా ముందే వచ్చి నిలబడి ఉండేవారు. ఫోటోగ్రఫీ మన పాఠాల్లో ఎక్కడా లేదు. కాంతి గురించి పాఠం చెప్పేవాడు పిల్లల్ని వెలుగులోకి తీసుకెళ్ళకపోతే ఎలాగన్నది ఆయన వాదన. లైట్ మీటరు ఎవరి దగ్గరా లేదు. ఎండలో మన నీడ అంచు కత్తితో కోసినట్టుంటే లెన్సు రంధ్రం ఎఫ్ 16 (అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది), అంచు కాస్త మెత్తబడితే 11, నీడ ఉందా లేదా అన్నట్టుంటే 8, అసలు లేకపోతే 5.6, షట్టరు వేగం మాత్రం రీలు మీది అంకెను బట్టి, అంటే 125 ఏ.ఎస్.ఏ. (వెలుగును పట్టే వేగం) రీలుకు సెకనులో 125వ వంతు. ఆయన మీటరు అంతే. “నీ నీడ చూసుకున్నావా?” అన్న మాటను మీరంతా ఎన్ని సందర్భాల్లో ఎన్ని అర్థాలతో వాడారో ఇక్కడ రాయను కానీ, నేను మాత్రం ఇప్పటికీ ఎండలోకి వస్తే ముందు నేల వైపే చూస్తాను.

బెజవాడకు వేసవి తప్ప వేరే ఋతువు లేదనే వాళ్ళతో నేను ఏనాడూ ఏకీభవించలేదు. ఫాల్గుణం వెళ్ళిపోతున్న ఆ పదిహేను ఇరవై రోజుల్లో ఏలూరు కాలువ గట్టున పొద్దున్నే నడిచినవాడెవడూ ఆ మాట అనడు. రావిచెట్లు లేత రాగి రంగు ఆకులు వేసేవి. కానుగ చిగురు ఎండకు తళతళలాడేది. ఆకుకు అటువైపు సూర్యుణ్ణి ఉంచి, లెన్సును ఒక స్టాపు, అంటే వెలుగు రెండింతలు పడేలా, ఎక్కువ తెరిచి తీయమని మాస్టారు చెప్పేవారు. అలా తీసినప్పుడు ఆకులోని ఈనెలన్నీ లోపల దీపం పెట్టినట్టు కనిపించేవి. ఆ ఈనెల సంగతి మళ్ళీ చెబుతాను.

1986లో అక్షయ నామ సంవత్సర ఉగాది ఏప్రిల్ 10న, గురువారం వచ్చింది. హేలీ తోకచుక్క భూమికి బాగా దగ్గరగా వచ్చేది ఆ మరునాడేనని, అప్పుడు కూడా అది 6 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుందని మాస్టారు నెల ముందు నుంచే చెబుతూ వచ్చారు. 1910లో వచ్చిపోయినది మళ్ళీ ఇన్నాళ్ళకు వచ్చింది, ఇక 2061 దాకా రాదు. ముందురోజే అమావాస్య కనుక రాత్రి చంద్రుడి అడ్డు ఉండదు. పరీక్షలు నెత్తిమీద ఉన్నా పది మందిమి తేలాము. ల్యాబు బీరువాలోని జెనిట్ కెమెరా శుక్రవారం పొద్దున్నకల్లా తిరిగి అప్పగించాలి. 400 ఏ.ఎస్.ఏ. రీలు ఒక్కటే దొరికింది. పగటి బొమ్మలకు నా ఆగ్ఫా క్లిక్ త్రీ, అందులో పన్నెండు బొమ్మల రీలు.

పండగ పొద్దున్న కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మొదలుపెట్టాము. తడి గోనెపట్టా మీద వేపపువ్వు కుప్ప పోసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ, పువ్వును సోలతో కొలిచి, సోల మీద అరచేయి బోర్లించి రాల్చేసి, అరచేతికి అంటుకున్న నాలుగు పూలను మళ్ళీ కుప్పలోకే విదిల్చేది. ఆ విదిలింపును పట్టుకోవాలని క్లిక్ కెమెరాతో మూడు బొమ్మలు వృథా చేశాను. నాలుగోదానిలో చేయి కదిలి పొగలాగా వచ్చింది, పూలు మాత్రం విడివిడిగా లెక్కపెట్టేటంత స్పష్టంగా వచ్చాయి. నాకు ఇప్పటికీ అదే ఉగాది బొమ్మ.

మధ్యాహ్నం ఎండ దిగాక కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దాటాము. 1957లో కట్టిన ఆ బ్యారేజీ 70 గేట్లను సైకిలు మీద లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం మన ఆట. సగం దాటాక కుడివైపు నిండు నీరు, ఎడమవైపు ఇసుక తిన్నెలు, ఒకే నదికి రెండు ముఖాలు కనిపించేవి. సీతానగరం దిగాక సోడా బండి, ఆ తర్వాత ఉండవల్లి గుహల మెట్ల మీద మన నూజివీడు మిత్రుడి అమ్మగారు క్యారేజీలో పంపిన పచ్చడి, ఆ పైన తాటిముంజలు. ముంజలు తిన్న చేతులతోనే, పొద్దు గుంకుతుండగా మామిడిచెట్టు నీడలో కూర్చుని జెనిట్‌లోకి రీలు ఎక్కించాను. రీలు మొనను కుడివైపు స్పూలు చీలికలోకి దోపి, మూత వేసి, రెండు సార్లు తిప్పి, అంకె ఒకటి మీద పెట్టాను. తిప్పేటప్పుడు ఎడమవైపు నాబ్ కూడా తిరుగుతోందా అని చూసుకోవాలని మాస్టారు వందసార్లు చెప్పారు. ఆ సాయంత్రం కవిగారు చివరి ముంజ తినేస్తున్నానని అరుస్తున్నాడు, నేను చూసుకోలేదు.

ఆ రాత్రిని మీకు వర్ణించి చెప్పవలసిన పని లేదు కానీ, రాయకుండా ఉండలేను. ఉండవల్లి జరీబు పొలాల్లో అప్పుడు మల్లెతోటలు ఉండేవి. పది దాటేసరికి మొగ్గలు విచ్చుకుని గట్టు మీద గాలి బరువెక్కింది. మాస్టారు టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా దాన్ని కూడా వెలిగించనివ్వలేదు. పన్నెండు దాటాక, ఆగ్నేయంలో వృశ్చికం పైకి వచ్చి, ఎర్రటి జ్యేష్ఠ నక్షత్రం నిలకడగా కనిపించినప్పుడు, దానికి కుడిపక్క బాగా దిగువన చూడమన్నారు. పత్రికల్లో చూసినట్టు పొడవాటి తోక ఏమీ లేదు. అద్దం మీద ఊపిరి వదిలితే ఏర్పడే మచ్చంత తెల్లదనం, సూటిగా చూస్తే మాయమై కాస్త పక్కకు చూస్తే కనిపించేది. గన్నవరం మిత్రులిద్దరూ మొదట దాన్ని మబ్బు తునక అన్నారు. అరగంటైనా అది చెదరకుండా, నక్షత్రాలతో పాటు కదులుతుండడం చూశాక ఎవరూ మాట్లాడలేదు.

కెమెరాను స్టాండు మీద బిగించి, లెన్సు పూర్తిగా ఎఫ్ 2కు తెరిచి, పది సెకన్లు, ఇరవై, ముప్పై అంటూ 36 సార్లు షట్టరు తెరిచి మూశాము. భూమి తిరుగుతుంది కనుక అంతకన్నా ఎక్కువసేపు తెరిచి ఉంచితే నక్షత్రాలు గీతలవుతాయని ఆయన అంతకుమించి తీయనివ్వలేదు. ప్రతి బొమ్మ వేళనూ, సెకన్లనూ నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. చివరిది అయ్యాక మాస్టారే కెమెరా తీసుకుని రీలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టారు. 36 బొమ్మల రీలు వెనక్కి చుట్టడానికి నాబ్‌ను చాలాసార్లు తిప్పాలి, వేళ్ళకు బరువు తెలుస్తుంది. ఆయన చేయి రెండో చుట్టుకే ఆగిపోయింది. ఎర్ర వెలుగులో నా వైపు ఒకసారి చూసి, కెమెరాను సంచిలో పెట్టి, “అబ్బాయిలూ, సామాను తర్వాత సర్దుదాం, ఇంకోసారి బాగా చూడండి, కళ్ళు నిండా చూడండి” అన్నారు. మనం మరో పావుగంట చూశాము. ఆ పావుగంట ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

శనివారం మెట్ల కింది డార్క్ రూములో ఆయనా నేనూ ఆ రీలు కడిగాము. హైపో ద్రావణం నుంచి తీసి వెలుగుకు పట్టుకుంటే, ఫిల్ము ఈ చివర నుంచి ఆ చివరిదాకా గాజులాగా ఉంది. అంచున 1 నుంచి 36 వరకు అంకెలు మాత్రం నల్లగా, పొందికగా అచ్చయి ఉన్నాయి. రీలు మొన స్పూలును పట్టనే లేదు, ఎడమ నాబ్ తిరిగి ఉండదు, రీలు కదలనే లేదు. రాత్రంతా షట్టరు ఒట్టి చీకటిలోకి తెరుచుకుంది. నా కాళ్ళు వణికాయి. మాస్టారు ఆ ఫిల్మును క్లిప్పుకు వేలాడదీసి, మిగతా రీళ్ళను ఆరబెట్టినంత శ్రద్ధగా దాని నీళ్ళు తుడిచి, “సోమవారం నేను చెబుతాను, నువ్వు మాట్లాడకు” అన్నారు. సోమవారం ఆయన తరగతిలో, తోకచుక్క మసకది కావడం వల్ల నెగటివులు ప్రింటుకు పనికిరాకుండా వచ్చాయని చెప్పారు. మీరంతా ఇప్పటిదాకా నమ్మింది ఆ మాటే. ఆయన 2011లో పోయారు. మీరు చూడాలనుకుంటున్న ఆ నెగటివు లేదు మిత్రులారా, ఎప్పుడూ లేదు.

మూడో సంవత్సరం గురించి నాకు చెప్పవలసినంత ఏమీ గుర్తులేదు. 1990లో నేను గుంటూరులో ఒక కంటి ఆసుపత్రిలో ఫోటోగ్రాఫరుగా చేరాను. కంటిపాప గుండా వెనుకనున్న రెటీనాను ఫోటో తీయడం నా పని. చేతి నరంలోకి ఎక్కించిన రంగు పది పన్నెండు సెకన్లలో కంటికి చేరి, రక్తనాళాలన్నీ రావి ఆకు ఈనెల్లాగా వెలిగే ఆ కొద్దిసేపట్లో వరసగా బొమ్మలు తీయాలి. అది తప్పిపోతే రోగికి మళ్ళీ సూది పొడవాలి. చాలా ఏళ్ళు ఆ పని కూడా ఫిల్ము మీదే జరిగింది. ఆ ఏళ్ళలో ఎడమ నాబ్ చూసుకోక నేను పోగొట్టిన రీలు ఒక్కటీ లేదు. షుగరు వల్ల చూపు తగ్గి వచ్చిన మంగళగిరి నేతగాడొకాయన, నేను తీసిన బొమ్మల్లో నాళాలు ఎక్కడ కారుతున్నాయో కనబడి సకాలంలో లేజరు చేయించుకుని, ఇప్పటికీ మగ్గం గుంటలో కూర్చుంటున్నాడు. మా ఆవిడకు ఆయన నేసి ఇచ్చిన చీర ప్రతి ఉగాదికీ బయటికి వస్తుంది.

2003లో మాస్టారు కంటి పరీక్షకు మా ఆసుపత్రికే వచ్చారు. గడ్డం ఆనించి కూర్చున్న ఆయన కంట్లోకి నేను కెమెరా సరిచేసుకుంటున్నంతసేపు ఆయన నా ఎడమ చేతినే గమనించారని నాకు తెలుసు. వారం తర్వాత స్లైడు చేతికిస్తే, కిటికీ దగ్గరికి వెళ్ళి ఎండకు పట్టుకుని చాలాసేపు చూసి, “ఎక్స్‌పోజరు సరిగ్గా ఉంది” అన్నారు. తోకచుక్క మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కమిటీ వారికి నెగటివుకు బదులు ఆ నోటు పుస్తకంలోని కాగితం పంపుతున్నాను. పెన్సిలు రాత కాస్త వెలిసింది కానీ 36 వరసలూ చదవడానికి వీలుగానే ఉన్నాయి. వాటి కింద, రీలు వెనక్కి చుట్టిన తర్వాత నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మాస్టారు స్వయంగా రాసిన వరస ఒకటి ఉంది: “రాత్రి 1.40. ఆకాశం నిర్మలం. పది మందీ చూశారు.”