చపాట కాయ వంగింది, విరగలేదు

కారం పొడి వ్యాపారం కోసం పొద్దుగాల వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో చపాట మిర్చి చేతిలోకి తీసుకుంటే టప్పున విరగలేదు, వంగింది. ఆ బస్తా వద్దనాల్సి వచ్చింది. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన కాయ అయినా సరే, తేమ 11 శాతం దాటితే గిర్నీలో ముద్దకడుతుంది, ప్యాకెట్‌లో బూజు పడుతుంది.

కారానికి ఖర్చు లెక్క కట్టుకోవాల్సింది తొడిమ తీశాక మిగిలే బరువు మీదనే. గిర్నీ వేడెక్కితే రంగు దిగిపోతుంది. చపాటను కొనేదే రంగు కోసం కదా!

ఉద్యోగం వదిలి ఈ వ్యాపారంలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా తడబడేది పైసల దగ్గర. మిర్చికి నగదు కట్టాలె, కిరాణా షాపులేమో 30, 45 రోజుల ఉద్దెర అడుగుతాయి. ఒకటో తారీఖు జీతం మాత్రం పడదు.

గిర్నీ మిషన్ తర్వాత కొనొచ్చు. మొదటి సీజన్ కిరాయి గిర్నీలో పట్టించండి, రెండు నెలల సరుకు పైసలు ఇంటి ఖర్చుతో కలవకుండా వేరే ఖాతాలో పెట్టండి.