మలద్వారం పక్కన చీముగడ్డ: పైల్స్ అనుకుని రోజులు పోగొట్టుకోకండి

మా తమ్ముడికి పోయిన ఎండాకాలం ఈ గడ్డ వచ్చింది, వాడు రాయమంటేనే రాస్తున్నా. డాక్టర్లు పెరియానల్ యాబ్సెస్ అంటారు, మలద్వారం పక్కన చర్మం కింద చీము పట్టి గడ్డ కట్టడం, అంతే. పన్ను నొప్పి వస్తే వీధి వీధంతా చెప్పుకుంటాం గానీ ఇక్కడ నొప్పి అంటే కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పరు, నేరుగా మెడికల్ షాపుకి వెళ్ళి మెల్లగా "పైల్స్ ఆయింట్‌మెంట్ ఇవ్వండి" అంటారు. మావాడికీ అదే ఇచ్చారు, దాంతోపాటు నొప్పి బిళ్ళలు. ఇంట్లో అమ్మేమో వేడి చేసిందిరా, మజ్జిగ తాగు, సబ్జా తాగు అని. మూడో రోజుకి చలిజ్వరం, పక్కకి ఒరిగి ఒక పిర్ర మీద కూర్చోవడం, దగ్గితే కూడా అబ్బా అనడం.

అసలు పైల్స్‌కీ దీనికీ పోలికే లేదు. మామూలుగా పైల్స్‌లో రక్తం పడుతుంది, నొప్పి పెద్దగా ఉండదు (లోపల రక్తం గడ్డకట్టి ఉబ్బితే తప్ప). ఫిషర్ (మలద్వారం దగ్గర చర్మం చీలడం) అయితే మోషన్‌కి వెళ్ళేటప్పుడు కోసినట్టు ఉండి, కాసేపు మంట పెట్టి తగ్గుతుంది. చీముగడ్డ నొప్పి అలా కాదు, మోషన్‌కి వెళ్ళినా వెళ్ళకపోయినా రాత్రీ పగలూ సలుపుతూనే ఉంటుంది, రోజురోజుకీ పెరుగుతుంది, ముట్టుకుంటే వేడిగా గట్టిగా తగులుతుంది. ఇంకో సంగతి, గడ్డ లోతుగా ఉంటే పైకి వాపే కనిపించకపోవచ్చు, ఉత్త జ్వరం, లోపలెక్కడో బరువు, నొప్పి అంతే, అలాంటివాళ్ళకి స్కాన్ చేస్తే గానీ తెలీదు.

ఎందుకొస్తుందో సర్జన్ గారు ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చెప్పారు. మలద్వారం లోపల కొంచెం పైన చుట్టూ చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి, మనందరికీ ఉంటాయి. వాటి సన్నటి నాళం మూసుకుపోతే మలంలో ఉండే బ్యాక్టీరియా లోపల చిక్కుకుని చీము పడుతుంది. ఆ చీము కండరాల మధ్యలోంచి కిందికి జారితే చర్మం దగ్గర గడ్డ, పక్కకి తోసుకెళ్తే పిర్రలోని కొవ్వులో పెద్ద గడ్డ. పదింట తొమ్మిది కేసులు ఈ గ్రంథులవల్లే. అంటే శుభ్రత లేకో, కారం తినో, వేడి చేసో వచ్చింది కాదు, చెడు తిరుగుళ్ళు తిరిగితే వచ్చేది అంతకన్నా కాదు. ఈ ముక్క గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఆ అనుమానంతో చూసే చుట్టాలు ఉన్నారు కాబట్టి.

ఎంతమందికి వస్తుందంటే, ఇంగ్లండ్‌లో హాస్పిటల్ రికార్డులు చూసి వేసిన లెక్క ప్రకారం ఏటా లక్షమందిలో దాదాపు 20 మందికి. అదే లెక్క మన రెండు రాష్ట్రాలకీ 2011 జనాభా 8.46 కోట్లకి వేసి చూసుకున్నా ఏడాదికి 17 వేలమంది దాకా తేలతారు, ఇంట్లోనే పగిలిపోయి ఊరుకున్నవాళ్ళు ఇందులో లేరు. ఆడవాళ్ళకంటే మగవాళ్ళకి రెండింతలు ఎక్కువ, అదీ 20 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసులో. ఏడాది లోపు పసివాళ్ళకి కూడా వస్తుంది, వాళ్ళలోనూ మగపిల్లలకే ఎక్కువ, అయితే వాళ్ళకి చాలావరకు కోత లేకుండానే తగ్గుతుంది, అది పిల్లల డాక్టర్ చూసి చెప్పాలి.

ఇక మందుల సంగతి. యాంటీబయాటిక్ వేసుకుంటే కరిగిపోతుందిలే అని వారాలకి వారాలు మింగేవాళ్ళు ఉన్నారు. చీము నిండిన గదిలోకి రక్తం పారదు కాబట్టి మందు లోపలికి సరిగ్గా చేరదు, కోత పెట్టి చీము బయటికి తీయాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళకి, ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్ళకి, చుట్టూ చర్మం కూడా ఎర్రగా పాకినవాళ్ళకి మాత్రం కోతతో పాటు యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. మావాడికి నడుముకి మత్తిచ్చి చేశారు, అసలు పని కొద్ది నిమిషాలే. మత్తు దిగాక వాడన్న మొదటి మాట "ఆ సలుపు పోయిందక్కా". కోత నొప్పి ఉంది, కానీ ఆ సలుపు లేదు. గాయానికి కుట్లు వెయ్యరు, తెరిచే ఉంచుతారు, అడుగు నుంచి పైకి పూడుకుంటూ రావాలి, పైన ముందే మూసుకుంటే లోపల మళ్ళీ చీమే. మానడానికి వారాలు పడుతుంది. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవడం, పీచు ఉన్న తిండి, మోషన్ మెత్తగా అయ్యేలా చూసుకోవడం. గాయంలోకి రోజూ గాజుగుడ్డ కుక్కడం ఉంది చూశారా, ప్రాణం పోతుంది. బ్రిటన్‌లో చాలా హాస్పిటళ్ళు కలిసి దీనిమీద ట్రయల్ చేస్తే, 2022లో వచ్చిన ఫలితం ప్రకారం కుక్కనివాళ్ళకి నొప్పి తక్కువ, గడ్డ మళ్ళీ రావడంలో గానీ ఫిస్టులా (లోపల్నుంచి చర్మం దాకా దారి పడటం, దీని సంగతి కింద చెప్తా) అవడంలో గానీ తేడా లేదు. కాబట్టి మీ సర్జన్‌ని ఇది అవసరమా అని అడగండి, అడగడంలో తప్పేం లేదు.

గడ్డ మానాక కూడా ఆ చోట చిన్న మొటిమలాంటిది మిగిలి, అప్పుడప్పుడూ చీమో రసికో కారుతుంటే అది ఫిస్టులా, మనవాళ్ళు భగందరం అనేది ఇదే. లోపలి గ్రంథి దగ్గర్నుంచి బయటి చర్మం దాకా దారి పడిపోతుంది. గడ్డ వచ్చినవాళ్ళలో మూడోవంతు నుంచి సగం మంది దాకా ఇలా అవుతుందంటారు, డాక్టర్ సరిగ్గా చెయ్యలేదని కాదు, జబ్బు తీరే అంత. మావాడికీ అయింది, ఎమ్మారై తీసి దారి ఎటు పోయిందో చూసి, మోషన్ ఆపుకునే కండరం దెబ్బతినకుండా రెండో ఆపరేషన్ చేశారు, ఇప్పుడు బైక్ మీద ఆఫీసుకి వెళ్తున్నాడు. ఆయుర్వేదంలో క్షారసూత్రం (మందు పూసిన దారాన్ని ఆ దారిలోంచి దూర్చి కట్టడం) కూడా ఫిస్టులాకి నిజంగా పనిచేసేదే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1991లో ప్రచురించిన ట్రయల్‌లో ఆపరేషన్ కంటే తిరగబెట్టడం తక్కువని తేలింది, కాకపోతే మానడం ఆలస్యం. అది శిక్షణ ఉన్న ఆయుర్వేద సర్జన్ చెయ్యాలి, "ఒక్క ఇంజెక్షన్‌తో మాయం" అని గోడలమీద రాసినవాళ్ళు కాదు.

షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. చర్మం నల్లబడినా, వాపు వృషణాలవైపు పాకినా, మనిషి మత్తుగా అయిపోయినా అర్ధరాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, లోపల కండ కుళ్ళిపోయే ప్రమాదం ఉంది, ప్రాణాల మీదికి వస్తుంది. తమకి షుగర్ ఉందని ఈ గడ్డ వచ్చినప్పుడే తెలిసినవాళ్ళు కూడా ఉంటారు, అందుకే ముందు షుగర్ టెస్ట్ చేస్తారు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే క్రోన్స్ (పేగుల్లో ఏళ్ళ తరబడి వాపు, పుళ్ళు ఉండే జబ్బు), టీబీ లాంటివి కూడా చూస్తారు.

ఆడవాళ్ళకి ఒక మాట. మా పిన్ని మగ డాక్టర్‌కి చూపించాలని సిగ్గుపడి ఫిస్టులాతో ఏళ్ళు గడిపింది, రోజూ పాత చీర ముక్కలు మార్చుకుంటూ. లేడీ సర్జన్ కావాలని రిసెప్షన్‌లోనే అడగొచ్చు, లోపల నర్సునో మన మనిషినో పక్కనుంచుకోవచ్చు. ఎడమవైపు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకోమంటారు, మీద దుప్పటి కప్పుతారు, చూడటం నిమిషంలో అయిపోతుంది. ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉంటే మత్తిచ్చాకే చూడండి అని చెప్పేయండి, వాళ్ళే అలా చూస్తారు.