పాత ధర

"ఇదేంట్రా, నేను కొన్నప్పటి ధరే ఇంకా చూపిస్తోంది?" అంది అమ్మ, పర్లాకిమిడి ఇంట్లో ఇవాళ సాయంత్రం లాప్‌టాప్‌లోకి తొంగి చూసి.

నిజమే. మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కొన్నట్టు లావాదేవీ రాసిన రోజే, నేను లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ గ్నూక్యాష్ ఆ ధరని తన ధరల పట్టికలో దాచుకుంటుంది, ఆ తర్వాత కొత్త ధర మనం రాయకపోతే, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించకపోతే, ఎన్నేళ్లయినా అదే చివరి ధర అనుకుని దాంతోనే యూనిట్లని గుణిస్తుంది. 2021 తర్వాత నేను రాయనే లేదు, అమ్మ డబ్బు అయ్యుండి కూడా.

మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ సైట్‌లో నిన్నటి ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, చూసి ఎక్కించాను. ఖాతాలో ఒక్క లావాదేవీ మారలేదు, విలువ మాత్రం మారింది. పాత ధర చెరపలేదు, వెనకటి తేదీకి రిపోర్టు తీస్తే అదే కావాలి.

అమ్మ ఆ కొత్త అంకెని గోడమీది ఒడియా క్యాలెండర్‌లో కూడా రాసుకుంది.