హోర్లా చదివాక

ఫ్రెంచి రచయిత మొపాసా రాసిన 'హోర్లా' పూర్తి చేశాను. ఇంకా అందులోంచి బయటకు రాలేకపోతున్నాను.

1887లో డైరీ రూపంలో వచ్చిన కథ ఇది. ఫ్రాన్స్‌లో సెన్ నది ఒడ్డున ఒక కలవారి ఇల్లు. డైరీ రాసేది ఆ ఇంటాయనే. రాత్రిపూట ఆయన మంచం పక్కన పెట్టుకున్న నీళ్లు ఎవరో తాగేస్తుంటారు. నిద్రలో తానే తాగుతున్నాడేమోనని పెదాలకు, చేతులకు పెన్సిల్ మసి పూసుకుని, సీసాలకు తెల్లబట్ట చుట్టి పడుకుంటాడు. పొద్దున చూస్తే బట్ట మీద ఒక్క మరకా లేదు. నీళ్లూ లేవు! పాడుబడ్డ కోటలు, శ్మశానాలు ఎన్ని చదివినా నాకు ఇంత భయం వేయలేదు.

ఆ రోజుల్లో పారిస్‌లో డాక్టర్ శార్కో హిస్టీరియా, హిప్నాటిజం మీద ఇచ్చే ఉపన్యాసాలకు మొపాసా కూడా వెళ్లేవాడు. ఈ కథలో మంత్రగాడు కాకుండా హిప్నాటిజం చేసే డాక్టర్ కనిపించేది అందుకే అనుకుంటాను.

ఆ నీళ్లు తాగేది కంటికి కనిపించని ఒక జీవి అని, దాని పేరు హోర్లా అని ఆ ఇంటాయన నమ్ముతాడు. చివర్లో దాన్ని చంపాలని ఇంటికి నిప్పు పెడతాడు. లోపల పనివాళ్లున్న సంగతే మర్చిపోతాడు. ఆ కేకల దగ్గర పుస్తకం మూసేసి, కాసేపటికి గానీ మళ్లీ తెరవలేకపోయాను.

తర్వాతి రోజుల్లో మొపాసాకు మతి చలించింది కాబట్టి, ఇదంతా రచయిత సొంత పిచ్చేనని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. 1886లోనే ఒకసారి అచ్చయిన కథను, చాలక, మొత్తం మార్చి మళ్లీ రాశాడాయన.