దిమ్మ నెత్తిన ఉన్నది

కోనసీమలో మా చేలోకి నీళ్ళు తెచ్చే బోదెకి అడ్డంగా ఒక సిమెంటు దిమ్మ ఉంది. ఎగువన నీళ్ళు మోకాలి లోతు, నెమ్మది. దిమ్మ ఎక్కాక నాలుగు వేళ్ళ లోతున జర్రున జారి, కింద ఒక్కసారిగా ఎగిసి నురగ కడతాయి. మొన్న ఆదివారం గంటసేపు అక్కడే కూర్చున్నాను.

"ఏం పడిపోయిందండి మాస్టారూ, ఉంగరమా?" పక్క చేను ఆయన సైకిలాపారు.

"కాదండి, అలలు చూస్తున్నాను."

"ఆయ్," అని వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఊరంతా తెలిసే ఉంటుంది.

కిందటేడు ఇంటర్ పిల్లల్ని తీసుకొచ్చి, ఆ నురగ గీతే కృష్ణబిలం అంచు అని చెప్పాను. తక్కువ లోతు నీళ్ళలో పొడుగాటి అల వేగం లోతుని బట్టి ఉంటుంది. మీటర్లలో లోతుని 9.8తో గుణించి వర్గమూలం తీయాలి. 7 సెంటీమీటర్లకి సెకనుకి సుమారు 83 సెంటీమీటర్లు వస్తుంది. కొబ్బరి పీచు వేసి ఫోన్‌లో వీడియో తీస్తే, మీటరు జారుడు ముప్పావు సెకనులో దాటేసింది. అంటే అల కంటే నీళ్ళదే వేగం. ఇక ఎదురెళ్ళే అలకి దారేదీ? పారే ద్రవంలో ధ్వనికి రాసే సమీకరణం, గురుత్వాకర్షణతో వంగిన స్థలకాలంలో తరంగానికి రాసే సమీకరణం ఒకే రూపంలో ఉంటాయని 1981లో భౌతిక శాస్త్రవేత్త విలియం ఉన్రూ చూపించారు. నీటి అలలకీ ఇదే పోలిక. బోదెలో ఆ వంపు పని ప్రవాహమే చేస్తుంది.

అంతా బాగానే చెప్పాను. వెనకాల నిలబడ్డ అమ్మాయి, "సర్, కృష్ణబిలం అంటే లోపలికి పోయింది బయటికి రాకూడదు కదా? ఇక్కడ బయటిదే లోపలికి పోవట్లేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. అది కృష్ణబిలాన్ని తిరగేసినట్టుండే శ్వేతబిలం!

మొన్న దిగువ నుంచి కర్రతో అలలు లేపాను. నురగ దాకా వచ్చి, దగ్గర దగ్గరగా నలిగి ఆగిపోయాయి. ఉన్రూ బృందం వాంకూవర్‌లో చేసి 2011లో ప్రకటించిన ప్రయోగమూ శ్వేతబిలం అంచుతోనే. తొట్టి అడుగున విమానం రెక్కలాంటి దిమ్మ పెట్టి, అలల్ని ఎదురు పంపారు. కృష్ణబిలాల నుంచి వెలువడుతుందని హాకింగ్ 1974లో చెప్పిన వికిరణం పోలికల కోసం వెతికారు, కనిపించాయన్నారు.

మరి కృష్ణబిలమో? అదే దిమ్మ నెత్తిన, నీటి వేగమూ అల వేగమూ సమానమయ్యే చోట ఉంది. దానికి ఎగువన కర్ర ముంచితే అలలు గీత దాటి జారిపోయాయి. కాస్త దిగువన ముంచితే ఒక్కటీ వెనక్కి రాలేదు. అంటే పిల్లలకి నేను చూపించింది మీటరు అవతల, తప్పు వైపు.

వేసవిలో కాలువలు కట్టేసేలోగా ఈ ఏటి పిల్లల్నైనా తీసుకెళ్ళాలి. ఆ అమ్మాయికి మాత్రం వీడియో పంపేశాను.