ఎనిమిదేళ్ళ మనవరాలితో కలిసి 1986 పద్మినిని మళ్ళీ నడిపించిన క్రమం

బండి ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ ఇంజిను, స్టీరింగ్ పక్కనే నాలుగు గేర్ల కాడ. నాలుగేళ్ళు షెడ్డులో కవరు కింద ఉంది. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించడానికి పదకొండు ఆదివారాలు పట్టింది, రోజుకు రెండు గంటల చొప్పున. రెండు గంటలు దాటితే ఆ వయసు పిల్లకు ఓపిక ఉండదు. మనకూ చిరాకు మొదలవుతుంది.

పాత కార్ల మీద పిల్లలకు ఇష్టం కలగాలని కబుర్లు చెబితే పావుగంటలో లేచిపోతారు. "ఈ పానా పట్టుకో, ఆ లైటు పట్టుకో" అన్నా అంతే. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ప్రతి ఆదివారం మొదటినుంచి చివరిదాకా పూర్తిగా మనవరాలిదే అయిన పని ఒకటి ఉండాలి. అది ఉత్తుత్తి పని కాకూడదు, తను చెయ్యకపోతే బండి కదలకూడదు. కొత్త కారు బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడదు. పద్మినిలో పెట్రోలు ఎటునుంచి ఎటు పోతోందో వేలు పెట్టి చూపించొచ్చు. పిల్లలకు నేర్పడానికి పాత బండే సులువు.

కొన్ని పనుల దగ్గరికి మాత్రం తనను రానివ్వలేదు. ట్యాంకు ఖాళీ చెయ్యడం, బండి కిందికి దూరే పని, బ్రేకు డ్రమ్ములు విప్పడం, పాత రంగు గీకడం. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పాత రంగులో సీసం ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారెయ్యాలి. ఆ పనులన్నీ మధ్యలో రోజుల్లో, పిల్ల బడికి వెళ్ళినప్పుడు చేశాను. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు, జాకీ ఎత్తాక దాని మీదే నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు, చేతికందే దూరంలో రెండు కిలోల పొడి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. ఇవి లేకుండా పని మొదలుపెట్టలేదు.

మొదటి పని బ్యాటరీ. వోల్టులు కొలిచే మల్టీమీటరు తనకిచ్చి అంకె చదవమన్నాను. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి. మాది 7.9 అంది, అంటే కొత్తది కొనాల్సిందే. టెర్మినల్ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఎందుకంటే, బాడీ అంతా నెగటివే. పాజిటివ్ విప్పుతూ పానా బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి.

ఇంజిన్ను ఒక్కసారిగా సెల్ఫ్ కొట్టకూడదు. నాలుగు స్పార్కు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున బండిని నాలుగో గేర్లో పెట్టి వెనకనుంచి నెమ్మదిగా తోశాను. రేడియేటరు దగ్గర ఫ్యాను తిరిగిందో లేదో చూడటం తన పని, చేతులు వెనక్కి కట్టుకుని. ఫ్యాను తిరిగిందంటే పిస్టన్లు పట్టెయ్యలేదన్నమాట. తీసిన ప్లగ్గుల రంగు కూడా తనే రాసుకుంది. బిస్కెట్ రంగు అయితే బాగున్నట్టు, మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబడితే తక్కువైనట్టు, జిడ్డుగా ఉంటే ఆయిలు పైకొస్తున్నట్టు. మాకు మూడు నల్లవి, ఒకటి జిడ్డుది. ఆయిలు మార్చేటప్పుడు 20డబ్ల్యూ40 చిక్కదనం ఉన్నది తీసుకున్నాం. డబ్బా ఒకేసారి వంచకుండా రెండున్నర లీటర్ల దగ్గర ఆగి, ఆపైన డిప్‌స్టిక్ చూసుకుంటూ పోశాం.

ఇక పాయింట్లు, అంటే ప్లగ్గులకు స్పార్కు పుట్టించడానికి కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్చి. ఇంట్లో పిల్ల ఉన్నవాళ్ళు ఈ పని మెకానిక్‌కు వదలకండి, ఇంతకన్నా మంచి పాఠం బండిలో లేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే మధ్యలో నాలుగు మూలలతో తిరిగే క్యామ్, పక్కన పాయింటు. మూల వచ్చి తగిలినప్పుడు పాయింటు బాగా విచ్చుకుంటుంది, కొలత అప్పుడే చూడాలి. నేను బండిని అంగుళం అంగుళం తోస్తుంటే, పాయింటు ఎక్కువగా తెరుచుకున్న చోట "తాతా, ఆగు" అనడం తన పని. కావలసిన సందు 0.45 మి.మీ. సందులు కొలిచే ఫీలర్ గేజిలో 0.45 రేకు కొంచెం పట్టుతో జారాలి, 0.50 రేకు దూరకూడదు. రెండు పుస్తకాల మధ్యనుంచి కాగితం లాగి చూపిస్తే ఆ పట్టు ఎంతో పిల్లలకు వెంటనే తెలుస్తుంది. క్యామ్‌కు ఆవగింజంత గ్రీజు చాలు, ఎక్కువైతే పాయింటు మీదికి చింది మిస్సింగ్, అంటే ఇంజిను మధ్యమధ్యలో స్పార్కు అందక తడబడటం, మొదలవుతుంది. ప్లగ్గు సందు 0.6 మి.మీ.

ఇక్కడే ఒక దెబ్బ తిన్నాం. కొత్తగా కొన్న కండెన్సరు నాసిరకం. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండేది, పది నిమిషాలు వేడెక్కాక మిస్సింగ్, పాయింటు మొహం మీద గుంతలు. పాయింటు తెరుచుకున్నప్పుడు కాయిల్లోని కరెంటు అక్కడే నిప్పురవ్వగా దూకకుండా ఆపేది కండెన్సరే. అది పనిచెయ్యకపోతే ప్లగ్గు దగ్గర రావాల్సిన స్పార్కు పాయింటు దగ్గర వస్తుంది. ఎక్కడో మూలన పడున్న పాత కండెన్సరు శుభ్రం చేసి పెడితే సమస్య పోయింది. కాబట్టి పాతవి పారెయ్యకండి, కొత్తది కనీసం వారం నడిచేదాకా.

ప్లగ్గు తీగల వరస, అంటే సిలిండర్లకు స్పార్కు అందే వరస, 1-3-4-2. రేడియేటరు వైపు సిలిండరు ఒకటో నంబరు. తీగలకు నంబర్ల స్టిక్కర్లు తనే అంటించింది, చప్పట్లు కొడుతూ వరస బట్టీపట్టింది. కావాలని రెండు తీగలు తారుమారు చేసి ఒక్కసారి సెల్ఫ్ కొట్టి వినిపిద్దామనిపిస్తుంది. వద్దు. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బరేటర్లోంచి ఎదురు మంట కొట్టొచ్చు.

పెట్రోలు దగ్గరికొస్తే, ఈమధ్య బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి, లోపల పొరలు ఊడి, నల్ల నలకలు కార్బరేటరు గిన్నెలో చేరతాయి. పైపులన్నీ, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌తో సహా, ఇథనాల్‌కు తట్టుకునేవి వేశాను. పాత పైపు ముక్క కోసుకుని పట్టుకెళ్ళి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొలిపించి కొనడం మేలు, నోటితో సైజు చెబితే పొరపాటు పడతారు. పద్మినికే ప్రత్యేకమైన సామాను కోసం హైదరాబాద్‌లో పుత్లీబౌలీ, జాంబాగ్ వైపు తిరగాలి. గురువారం జుమెరాత్ బజారులో దీపాల అద్దాలు, డోరు హ్యాండిళ్ళ లాంటివి అదృష్టముంటే దొరుకుతాయి.

కార్బరేటరు సోలెక్స్. విప్పేటప్పుడు సామాను పెట్టడానికి పాత ఇడ్లీ ప్లేటు వాడాం. ఒక్కో గుంటలో ఒక్కో భాగం, విప్పిన వరసలో. ప్రతి గుంటనూ పుస్తకంలో బొమ్మ వేసుకుని పక్కన పేరు రాయడం తన పని. ఇడ్లీ ప్లేటుకు చిల్లులుంటాయి కాబట్టి కింద గుడ్డ పరవాలి, లేకపోతే సన్నటి సామాను జారి పోతుంది. జెట్టును, అంటే పెట్రోలు వచ్చే సన్నటి బెజ్జం ఉన్న ముక్కను, పిన్నుతో గుచ్చకూడదు. బెజ్జం వెంట్రుకంత పెద్దదైనా పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్లీనర్లో నానబెట్టి గాలి కొట్టడమే. బిగించేటప్పుడు ఆ బొమ్మల పుస్తకమే మాకు మాన్యువల్ అయింది. ఒక స్ప్రింగు నేను తప్పుగా పెడితే పిల్లే పట్టుకుంది.

బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, బ్రేకు ఫ్లూయిడ్ పోయే దారి (హైడ్రాలిక్ సర్క్యూట్) ఒక్కటే. అంటే ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులన్నీ, మాస్టర్ సిలిండరు కిట్టు, బ్రేకు హోసులు మారుద్దామా వద్దా అని ఆలోచించలేదు, మార్చేశాను. హ్యాండ్ బ్రేకు కూడా బాగా పట్టాలి. బ్రేకు పైపుల్లోంచి గాలి బుడగలు తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌కు పారదర్శకమైన ట్యూబు తగిలించి, దాని కొస సీసాలోని ఫ్లూయిడ్‌లో మునిగేలా పెట్టాలి. మా అబ్బాయి పెడల్ తొక్కాడు, నేను నిపుల్ విప్పి బిగించాను. కళ్ళద్దాలు పెట్టుకుని ట్యూబులో బుడగలు లెక్కపెట్టడం పిల్ల పని. వెనక ఎడమకు ముప్పై పైన లెక్క తేలింది. వరసగా అయిదుసార్లు బుడగ రాకపోతేనే తరవాతి చక్రం. వచ్చిన ఫ్లూయిడ్ మళ్ళీ వాడకూడదు. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి.

పిల్లను ఎక్కించుకోవడానికి ముందు సీటు బెల్టులు. ఆ కాలపు పద్మినిలో చాలావాటికి బెల్టులే ఉండవు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. చట్టం మాట అటుంచి, గట్టిగా బ్రేకు వేస్తే వెనక సీట్లో పిల్ల ముందుకు వచ్చేస్తుంది. మూడు చోట్ల పట్టుకునే బెల్టు, 7/16 అంగుళాల బోల్టులతో, రేకు వెనక మందపాటి ఉక్కు పలక వేసి బిగించాలి. ఉత్త రేకుకు బిగిస్తే లాగినప్పుడు రేకుతో సహా ఊడొస్తుంది. ఇది నేను చెయ్యలేదు, వెల్డింగు తెలిసిన మనిషితో చేయించాను. దాని మీద బూస్టరు సీటు.

కాగితాల సంగతి క్లుప్తంగా. పదిహేనేళ్ళు దాటిన బండికి ఆర్‌సీ అయిదేళ్ళకోసారి ఫారం 25తో రెన్యువల్ చేయించాలి, గడువుకు అరవై రోజుల ముందునుంచి పెట్టుకోవచ్చు. యాభై ఏళ్ళు నిండితే వింటేజ్ రిజిస్ట్రేషన్ కింద వస్తుంది, 2021లో ఆ నిబంధన వచ్చింది. మా బండికి 2036 దాకా ఆ యోగం లేదు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం పిల్లకు బలే నచ్చింది. ఇన్‌స్పెక్షన్‌లో ఎవరైనా అడిగినా అడగకపోయినా ఆ అచ్చు ఫైల్లో ఉంచుకోవడం మంచిదే.

మధ్యలో సామాను దొరక్క ఆగిన ఒక ఆదివారం చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళాం. నిజాం వాడిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. శుక్రవారం సెలవు. జూపార్కు దగ్గర బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం అంతకన్నా పిల్లలకు పడుతుంది, క్రికెట్ బ్యాటు, బూటు ఆకారాల్లో నడిచే కార్లుంటాయి.

బండి లేచింది తొమ్మిదో ఆదివారం. చోక్ లాగి, మూడోసారి సెల్ఫ్‌కు. మిగతా రెండు వారాలు ట్యూనింగ్, గేరు కాడ బుషింగులు. అవి అరిగితే గేరు మధ్యలో ఇరుక్కుంటుంది, ఖర్చు కొద్దే.

ఎండాకాలం వేరే తంటా. మెకానికల్ పెట్రోలు పంపు ఇంజినుకే బిగించి ఉంటుంది, మే నెల ట్రాఫిక్‌లో వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై వేపర్ లాక్ అవుతుంది, అంటే ఇంజినుకు పెట్రోలు అందదు. పంపుకూ ఇంజినుకూ మధ్య ఉండే మందపాటి ఇన్సులేటర్ ముక్కను ఏ మెకానిక్ తీసి పక్కన పెట్టినా మళ్ళీ పెట్టించండి. బండిలో ఒక నీళ్ళ సీసా, ఒక పాత తువ్వాలు ఉంచుకుని, ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగాలి. ఆ పదినిమిషాలూ రేడియేటరు మూత ముట్టుకోవద్దని పిల్లకు ముందే చెప్పాలి.

నడిపినప్పుడల్లా తిరిగొచ్చాక బండి కింద అట్టపెట్టె విప్పి పరుస్తాం. మర్నాడు పొద్దున దాని మీద మచ్చలకు సున్నాలు చుట్టి తేదీ రాయడం తన పని. నల్లగా, చిక్కగా ఉంటే ఇంజిన్ ఆయిలు, చక్రం దగ్గర పల్చటి జిడ్డు ఉంటే బ్రేకు, ముందువైపు తడి ఉంటే రేడియేటరు. మొదటి అట్ట మీద ఏడు మచ్చలున్నాయి. ఇప్పుడొకటే మిగిలింది, గేర్‌బాక్సు వెనకది. ఆ సీలు కోసం ఇంకా వెతుకుతున్నాం.